నిద్ర చాలుతోంది, ఓపిక చాలడం లేదు

పల్లెలో అయినా పట్నంలోని బస్తీలో అయినా "నీరసంగా ఉందండీ" అని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే చాలాసార్లు దొరికే వైద్యం ఒక సెలైన్ బాటిల్. అందులో బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ ఒకటి కలుపుతారు. నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. బల్ల మీద పడుకోబెట్టి గంటసేపు చుక్క చుక్కగా ఎక్కిస్తారు. లేచేసరికి ఒళ్లు కాస్త తేలికపడినట్టు ఉంటుంది, రెండు రోజులకు మళ్లీ మామూలే. అర లీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజు బాటిల్ అయితే 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల పంచదారంత. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు అది ప్రాణం నిలబెట్టే వైద్యం. నెలల తరబడి నీరసంగా ఉన్న మనిషికి మాత్రం అందులో ముఖ్యంగా దొరికేది, ఎవరూ పని చెప్పకుండా గంటసేపు పడుకునే అవకాశం.

ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "రాత్రి సరిగ్గా పడుకోలేదా?" అని. పదింటికి పడుకుని ఆరింటికి లేచామని చెప్తే ఇక ఆ మాట అక్కడితో తెగిపోతుంది. నిద్ర సరిపోయింది కాబట్టి ఇది జబ్బు కాదు, బద్ధకం అన్న తీర్పు వచ్చేస్తుంది. అవతలి మనిషి కోడలో, ఇంటర్ చదివే ఆడపిల్లో అయితే ఆ తీర్పు ఇంకా త్వరగా వస్తుంది. నిజానికి నిద్ర సరిపోయినా ఓపిక లేకపోవడమే చాలా జబ్బుల మొదటి ఆనవాలు. కారణం వెతకడం మొదలుపెట్టాల్సిన చోట మనం వెతకడం ఆపేస్తున్నాం.

వెతకడానికి మన మాటలే కొంత దారి చూపిస్తాయి. నీరసం, నిస్సత్తువ, అలసట, బడలిక, మగత, నిద్రమత్తు. రోజూ మాట్లాడేటప్పుడు వీటన్నిటినీ "నీరసం" కింద కలిపేస్తాం గానీ, డాక్టరుకు వీటిలో ఒక తేడా చాలా ముఖ్యం. కూర్చుంటే కళ్లు మూతలు పడిపోవడం ఒకటి. నిద్ర రాకపోయినా ఒంట్లో సత్తువ లేకపోవడం ఇంకొకటి. బస్సు ఎక్కిన ఐదు నిమిషాలకు తల వాలిపోతోంది, టీవీ ముందు కూర్చుంటే కునుకు పడుతోంది, సిగ్నల్ దగ్గర బండి మీదే మగత కమ్ముతోంది అంటే అది నిద్రకు సంబంధించిన లోపం. గంటలు లెక్కకు సరిపోయినా లోపల నిద్ర చెడిపోతోందన్నమాట. అలా కాకుండా మధ్యాహ్నం పడుకుందామన్నా నిద్ర పట్టదు, కానీ మెట్లు ఎక్కాలంటే కాళ్లు సహకరించవు, బిందె ఎత్తాలంటే గుండె దడదడలాడుతుంది అంటే నిద్రను వదిలేసి రక్తం వైపు, థైరాయిడ్ వైపు, షుగర్ వైపు చూడాలి. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. అయినా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం దారి తేలుతుంది.

రక్తం సంగతి

తెలుగు రాష్ట్రాల్లో ఆడవాళ్ల నీరసం గురించి మాట్లాడితే ముందు రక్తహీనత దగ్గరే ఆగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. వేలి చివర నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే పరీక్ష కాబట్టి లెక్క కాస్త ఎక్కువ వచ్చి ఉండవచ్చని అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట ఒప్పుకుని కొంత తగ్గించుకున్నా ఇది చిన్న సంగతి కాదు. ఇంత మందికి ఉన్న జబ్బు జబ్బులా కనిపించకుండా పోవడమే ఇక్కడి చిక్కు. అమ్మకూ అంతే, పిన్నికీ అంతే, పక్కింటావిడకూ అంతే కాబట్టి, ఆడవాళ్లన్నాక ఇలాగే ఉంటారని సర్దుకుపోతాం.

ఇది ఎందుకు వస్తుందో తెలియడానికి చిన్న లెక్క చాలు. ఒక మిల్లీలీటరు రక్తం పోతే దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ పోతున్నట్టు లెక్క. అంటే నెలకు 40 మిల్లీగ్రాములు, రోజుకు సగటున 1.3. ఇది కాక చర్మం, పేగుల ద్వారా అందరికీ రోజూ పోయేది ఒక మిల్లీగ్రాము దాకా ఉంటుంది. మామూలుగా పేగులు తిండి నుంచి రోజుకు లాక్కునే ఇనుము ఒకటి, రెండు మిల్లీగ్రాములే. ఖర్చు ఆదాయాన్ని దాటిపోయింది. ఈ లోటు ప్రతి నెలా కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పేరుకుంటుంది. "నాకు మామూలుగానే అవుతుంది" అని చెప్పేవాళ్లలో చాలామందికి మామూలు అంటే ఎంతో ఎవరూ చెప్పి ఉండరు. గంట, రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, ఏడు రోజులు దాటుతున్నా అది మామూలు కాదు.

తిండి వైపు నుంచి చూస్తే పప్పు, తోటకూర, గోంగూర, సజ్జలు అన్నిటిలో ఇనుము ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. తిన్న ఇనుములో పదో వంతు కూడా పట్టదన్న అంచనాతోనే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19 మిల్లీగ్రాములు కావాలని నిర్ణయించింది. ఆ కాస్త పట్టేదాన్నీ భోజనం అవగానే తాగే టీ అడ్డుకుంటుంది. అన్నం మీద పిండుకునే నిమ్మచెక్క, పక్కన తినే జామకాయ ముక్క దాన్ని పెంచుతాయి. టీ మానక్కర్లేదు, భోజనానికి గంట, గంటన్నర దూరం జరిపితే చాలు.

ఇనుము తగ్గినప్పుడు కనిపించే ఒక గుర్తును మన ఇళ్లలో అందరూ చూశారు, కానీ గుర్తు అనుకోలేదు. వంటగదిలోకి వెళ్లిన పిల్ల బియ్యం డబ్బా మూత తీసి గుప్పెడు బియ్యం నోట్లో వేసుకుంటుంది. "పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందే" అని అమ్మమ్మ అరుస్తుంది. కొందరు బలపాలు తింటారు, కొందరు గోడ సున్నం గీరుకుని తింటారు, వాన పడినప్పుడు మట్టి వాసనకు నోరూరుతుందంటారు కొందరు, ఫ్రిజ్‌లోని ఐసుముక్కలు నములుతుంటారు ఇంకొందరు. ఇలా తిండి కానివాటి మీదికి మనసు పోవడం ఇనుము లోటుతో ముడిపడి ఉన్న లక్షణమని వైద్యానికి ఎప్పటి నుంచో తెలుసు. ఇనుము నిల్వలు నిండాక చాలామందిలో ఆ యావ దానంతటదే పోతుంది. ఆ పిల్లను కోప్పడే ముందు రక్తపరీక్ష చేయిస్తే మంచిది.

ఇంకొకటి, రాత్రి కాళ్లు లాగడం. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కాళ్లు కదిపితే గానీ ఊరట లేనట్టు ఉంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ మొదలవుతుంది. పగలు పని ఎక్కువై కాళ్లు లాగుతున్నాయనుకుని నూనె రాసుకుని ఊరుకుంటారు. ఇనుము లోటు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అంటే ఇనుము తగ్గడం పగటి సత్తువనే కాదు, రాత్రి నిద్రనూ తినేస్తుంది. మంచం మీద ఎనిమిది గంటలు ఉన్నా నిద్ర ముక్కలు ముక్కలై ఉంటుంది, తెల్లారేసరికి ఆ సంగతి గుర్తుండదు.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. రిపోర్టులో 12.2 ఉంటే "రక్తం బాగానే ఉంది" అని పంపేస్తారు. కానీ ఒళ్లు ముందు నిల్వలను ఖర్చు చేసుకుంటుంది, హిమోగ్లోబిన్‌ను చివరిదాకా కాపాడుకుంటుంది. నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెర్రిటిన్ అనే పరీక్ష. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెర్రిటిన్ అడుగంటిన ఆడవాళ్లకు కూడా నీరసం ఉంటుంది, ఇనుము ఇస్తే అది తగ్గుతుంది కూడా. జ్వరం గానీ ఒంట్లో వాపు గానీ ఉన్నప్పుడు మాత్రం ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ఆ సమయంలో చేయించకపోవడం మేలు.

ఐరన్ మాత్రల దగ్గర కూడా వైద్యం సగంలో ఆగిపోతుంటుంది. మలం నల్లగా వస్తుంది, మలబద్ధకం అవుతుంది, కడుపులో తిప్పుతుంది. ముందే ఎవరూ చెప్పకపోతే భయపడి వారానికే మానేస్తారు. ఒక మాత్ర వేసుకున్నాక దాదాపు ఒక రోజు పాటు కొత్త ఇనుమును లోపలికి రానివ్వకుండా ఒళ్లే తలుపు వేస్తుందని, అందుకే రోజు విడిచి రోజు వేసుకున్నా చక్కగా పడుతుందని ఈ మధ్య పరిశోధనలు చెప్తున్నాయి. మాత్రలతో కడుపు పాడవుతున్నవాళ్లు డాక్టరును అడిగి అలా మార్చుకోవచ్చు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి. ఇక మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఇనుము తగ్గితే మాత్రలతో సరిపెట్టకూడదు. కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం కారుతోందేమో తప్పకుండా చూడాలి. పుండు కావచ్చు, మొలలు కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు.

గురకను గాఢనిద్ర అనుకోవడం

"మా ఆయనకు నిద్రకేం లోటు లేదండీ, తల దిండు మీద పెట్టగానే గురక." ఈ మాటలోనే అసలు సంగతి దాగి ఉంది. గురక గాఢనిద్రకు గుర్తని మనలో బలంగా నాటుకుపోయింది. కొందరి విషయంలో అది గాలి గొంతులో ఇరుక్కుని లోపలికి పోతున్న చప్పుడు.

అలాంటి ఇంట్లో పక్కన పడుకున్న మనిషికి అర్ధరాత్రి మెలకువ వచ్చేది గురక వల్ల కాదు, గురక ఆగిపోవడం వల్ల. చప్పుడు పెరిగి పెరిగి ఒక్కసారిగా నిశ్శబ్దం. ఛాతీ కదులుతూనే ఉంటుంది గానీ గాలి పోదు. ఆమె చీకట్లో లెక్కపెట్టుకుంటుంది. పది, పదిహేను, ఇరవై. తట్టి లేపుదామనుకునేలోపు పెద్దగా ఎగశ్వాస తీసి, పక్కకు తిరిగి, మళ్లీ గురక. తెల్లారి అడిగితే ఆయనకు ఏమీ గుర్తుండదు. "బాగా పడుకున్నాను, కానీ తల బరువుగా ఉంది" అంటాడు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు అంతకంటే ఎక్కువ ఊపిరి ఆగితే ఒకసారి కింద లెక్క. పూర్తిగా ఆగినవీ బాగా తగ్గినవీ కలిపి గంటకు ఐదు దాటితే సమస్య ఉన్నట్టు, ముప్పై దాటితే తీవ్రమైనట్టు. గంటకు ముప్పై అంటే రెండు నిమిషాలకోసారి మెదడు ఉలిక్కిపడి గొంతు తెరిపిస్తోందని అర్థం. అలాంటి నిద్ర ఎనిమిది గంటలు పోయినా పది గంటలు పోయినా తేడా ఏముంటుంది? బీపీ పెరగడం, గుండె మీద భారం, బండి నడుపుతూ కునుకు తీయడం దీని వెంట వచ్చే ప్రమాదాలు. రాత్రిపూట లారీ, బస్సు నడిపేవాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరిగా జరగాల్సిన అవసరం ఉంది.

లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందనుకోవడం సరికాదు. దవడ చిన్నగా, వెనక్కి ఉన్న సన్నటి మనుషుల్లోనూ వస్తుంది, ఆసియావాళ్లలో ఇలాంటి కేసులు తక్కువేమీ కాదు. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక దీని ముప్పు పెరుగుతుంది. వాళ్లు గురక గురించి కాక, నిద్ర పట్టడం లేదని, పొద్దున్నే తలనొప్పని, ఒళ్లు నీరసమని చెప్తారు. అందుకే వాళ్లలో ఇది త్వరగా బయటపడదు. పరీక్ష కూడా భయపడాల్సిందేమీ కాదు. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు పెట్టుకుని ఒక రాత్రి పడుకోవడమే. ఇప్పుడు ఇంట్లోనే చేసే పరికరాలు కూడా వచ్చాయి. వైద్యంలో ముఖ్యమైనది సీప్యాప్, అంటే ముక్కు ద్వారా గాలిని కాస్త ఒత్తిడితో పంపుతూ గొంతు మూసుకుపోకుండా ఉంచే యంత్రం. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సులివాన్ బృందం దీన్ని మొదట ప్రకటించింది. మాస్కు పెట్టుకుని పడుకోవడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానేయడం కూడా పనిచేస్తాయి. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుందన్నది నిజమే, కానీ రాత్రి రెండో సగంలో అదే నిద్రను చెడగొడుతుంది, గొంతును ఇంకా వదులు చేస్తుంది.

తక్కిన కారణాలు

థైరాయిడ్ తగ్గడం మన దగ్గర మామూలైపోయింది. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి ఇది కనిపించింది. చలి ఓర్చుకోలేకపోవడం, జుట్టు రాలడం, బరువు పెరగడం, మలబద్ధకం నీరసంతో పాటు ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. మాత్ర వాడుతున్నా నీరసం తగ్గలేదనేవాళ్లు ఒకసారి తమ పొద్దుటి అలవాటు చూసుకోవాలి. పరగడుపున థైరాయిడ్ మాత్ర, వెంటనే ఫిల్టర్ కాఫీ, దాంతో పాటే ఐరన్ మాత్ర. పనులన్నీ ఒకేసారి అయిపోతాయని ఇలా చేస్తారు. కాఫీ థైరాయిడ్ మాత్రను సరిగ్గా పట్టనివ్వదు, ఐరన్ మాత్ర కూడా దాన్ని పట్టనివ్వదు, ఆ ఇనుమును మళ్లీ కాఫీ పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్రను మంచినీళ్లతో వేసుకుని అరగంట, గంట ఆగి కాఫీ తాగాలి. ఐరన్ మాత్రకు దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇంత చిన్న మార్పుతో డోసు పెంచాల్సిన అవసరమే తప్పిపోవచ్చు.

శాకాహారుల్లో విటమిన్ బీ12 లోటు ఎక్కువ. పాలు, పెరుగులో కొంత ఉంటుంది గానీ చాలామందికి ఆ కాస్త సరిపోదు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ ఇది తగ్గుతుంది. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే షుగర్ వల్లేనని ఊరుకోకుండా బీ12 చూపించుకోవాలి. షుగరే అదుపులో లేకపోతే రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడంతో నిద్ర చెడుతుంది. జలుబుకూ దురదకూ వేసుకునే మాత్రల్లో కొన్ని మర్నాటి దాకా మత్తుగా ఉంచుతాయి, బీపీ మాత్రల్లో కొన్ని ఒంటిని నెమ్మదింపజేస్తాయి. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మంచి అలవాటు. సాయంత్రాలు సన్నటి జ్వరం, బరువు తగ్గడం, ఆగని దగ్గు ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ముందు టీబీ పరీక్ష చేయించాలి.

మనసు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే డిప్రెషన్ మన దగ్గర ఎక్కువగా ఒంటి భాషలోనే మాట్లాడుతుంది. "దిగులుగా ఉంది" అని చెప్పలేని మనిషి "ఒళ్లు నొప్పులు, నీరసం, తల దిమ్ము" అంటాడు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, లేదా ఎంత పడుకున్నా లేవబుద్ధి కాకపోవడం, పొద్దున భారంగా ఉండి సాయంత్రానికి కాస్త నయమనిపించడం, ఇష్టమైన వంట, పాట, ఆట దేని మీదా మనసు పోకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని టెన్షన్ అని కొట్టిపారేయకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

మాదాపూర్, గచ్చిబౌలిలో అమెరికా వేళలకు పనిచేసేవాళ్ల సమస్య ఇంకో రకం. పొద్దున ఏడింటికి కర్టెన్లు వేసుకుని పడుకుంటారు, మధ్యాహ్నం దాకా పడుకుంటారు, అయినా బడలిక తీరదు. మన కణాల్లో గడియారాలున్నాయి. వాటి యంత్రాంగాన్ని కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. ఆ గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది, ఆఫీసు టైంను బట్టి కాదు. పగలు ఒళ్లు వేడెక్కుతుంటుంది, వీధిలో చప్పుళ్లు, కొరియర్ కాలింగ్ బెల్. శని, ఆదివారాలు ఇంట్లోవాళ్ల కోసం మళ్లీ రాత్రి నిద్రకు మారతారు. వారానికోసారి విమానంలో అమెరికా వెళ్లి వచ్చినట్టే ఒంటికి. ఇక్కడ మాత్రలతో అసలు సమస్య తీరదు. వారం వారం మారే షిఫ్టులకంటే ఒకే షిఫ్టు నయం. సెలవు రోజుల్లో కూడా నిద్రవేళ మరీ తారుమారు కాకుండా చూసుకుంటే కొంత తేలిక.

జ్వరాల తర్వాతి నీరసం కూడా నిజమైన జబ్బే. 2005-06లో చికున్‌గున్యా ఆంధ్రప్రదేశ్‌ను చుట్టబెట్టినప్పుడు నెలల తరబడి కోలుకోని మనుషులను ఊరూరా చూశాం. డెంగీ, కోవిడ్ తర్వాతా అంతే. ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కొద్దిమందిలో ఆరు నెలలు దాటినా తగ్గదు. వాళ్లలో ఒక ప్రత్యేక లక్షణం కనిపిస్తుంది. కాస్త ఓపిక ఉందనిపించి ఒక రోజు ఇల్లంతా సర్దితే మర్నాడో, ఆ తర్వాతి రోజో మంచానికి అతుక్కుపోతారు. ఇలాంటివాళ్లకు "కొంచెం కొంచెంగా వ్యాయామం పెంచు, అదే సర్దుకుంటుంది" అని దశాబ్దాల పాటు చెప్పారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లో ఆ సలహాను తొలగించాయి. ఉన్న ఓపికను రోజంతటికీ పంచుకుని, ఒళ్లు మొరాయించకముందే ఆగడమే ఇప్పుడు చెప్తున్న పద్ధతి. పక్కనున్నవాళ్లు నమ్మకపోవడం వల్ల వీళ్లు పడే బాధ జబ్బు కంటే తక్కువేమీ కాదు.

ఇన్ని కారణాలున్నా మొదటి పరీక్షల పట్టీ పొడుగైనదేం కాదు. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, షుగర్, బీ12, కిడ్నీ, లివర్ పరీక్షలు. వీటికంటే ముందు రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం ఉపయోగం. ఎన్నింటికి పడుకున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, లేచినప్పుడు ఎలా ఉంది, పగలు కునుకు పడుతోందా, కాఫీ, టీ ఏ వేళకు తాగారు, ఏ మాత్రలు వేసుకున్నారు, నెలసరి తేదీలు. ఇలా నిజాయితీగా రాసుకుంటే ఎనిమిది గంటల నిద్ర అన్నది చాలా ఇళ్లలో కాగితం మీద నిలబడదు. పదిన్నరకు పడక, పన్నెండుకు చంటిపిల్ల ఏడుపు, రెండింటికి మామగారికి మంచినీళ్లు, నాలుగున్నరకు నల్లా నీళ్లు పట్టుకోవడానికి లేవడం, మళ్లీ ఐదింటికి ఒక్క అరగంట ఒరగడం. ఆ పేజీ డాక్టరుకు చూపించినా చూపించకపోయినా ఇంట్లోవాళ్లకు చూపించాలి. మంచినీళ్ల చెంబు మామగారి మంచం పక్కనే పెట్టవచ్చు. నల్లా దగ్గర బిందె పెట్టడానికి ఇంట్లో ఇంకొకరు లేవవచ్చు.